నిడుబ్రోలు రంగా గారు, నా పసుపు కుంకుమ పొలం

బైపీసీ చదివిన మనలాంటి వాళ్లకి ఎన్.జి. రంగా అంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కనిపించే వ్యవసాయ విశ్వవిద్యాలయం. సీటు వస్తే అక్కడ, రాకపోతే నాలాగా బీఎస్సీ బోటనీ. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని పెద్దగా ఆలోచించిన గుర్తు లేదు.

గోగినేని రంగనాయకులు గారిది గుంటూరు జిల్లా నిడుబ్రోలు, పొన్నూరు పక్కనే. 1900లో పుట్టారు. మేముండే రెడింగ్ నుంచి రైలెక్కితే అరగంటలో వచ్చే ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో పాఠం చెప్పారు. ఆచార్య అన్న మాట అక్కడిదే. 1930లో కేంద్ర శాసనసభకి వెళ్లిన మనిషి, 1991 వరకూ మధ్యలో కొన్ని విరామాలతో చట్టసభల్లోనే ఉన్నారు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, చివరికి గుంటూరు. మధ్యలో రాజ్యసభ. 1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీస్తుంటే, ఎనభై నాలుగేళ్ల వయసులో గుంటూరులో కాంగ్రెస్ తరఫున గెలిచారు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ ఎన్నిక గురించి మాట్లాడుకుంటారు.

పార్టీలు మాత్రం చాలానే మారారు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, మళ్లీ కాంగ్రెస్, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ, తర్వాత తిరిగి కాంగ్రెస్. ఇవాళైతే టీవీల వాళ్లు ఏం పేరు పెట్టేవారో! కానీ ఆయన వాదన మాత్రం పెద్దగా మారలేదు. దున్నేవాడి భూమి దున్నేవాడి చేతిలోనే ఉండాలి. జమీందారు దగ్గరా కాదు, సర్కారు దగ్గరా కాదు. నాగపూర్ కాంగ్రెస్‌లో నెహ్రూ గారు ఉమ్మడి సహకార సేద్యం అనగానే ఆయన బయటికి నడిచింది అందుకే.

నాకు ఎక్కువ నచ్చింది పార్లమెంటు సంగతి కాదు. ముప్పైల్లో నిడుబ్రోలులో రైతుల కోసం ఒక బడి పెట్టారు. పొలం పనులు చేసుకునే వాళ్లకి పన్నులు, చట్టాలు, రాజకీయాలు నేర్పే బడి. అంతకుముందే 1923లో తమ ఇంటి మంచినీళ్ల బావిని దళితులకు తెరిచారు. ఆ రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్లు ఇరుగుపొరుగు నుంచి ఎన్ని మాటలు పడి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఒక్క చోట మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. రైతు అంటే ఆయన మనసులో సొంత భూమి ఉన్న కమతగాడు. కూలీ, కౌలుదారు ఆ లెక్కలో వెనక వరసలో నిలబడ్డారని కమ్యూనిస్టులు అప్పుడే అన్నారు. ఆ మాటలో నిజముంది. ఇప్పుడు కోస్తా ఊళ్లలో చూడండి. పట్టా మనది, పంట వేరేవాళ్లది. మనలో ఎంతమందికి పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అర ఎకరమో, ఎకరమో లేదు?

నాకూ ఎకరం ఉంది. పదేళ్లుగా ఒకే కుటుంబం కౌలు చేస్తోంది. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకి సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం కావాలి. ఆ కార్డు ఉంటేనే బ్యాంకు పంట రుణానికి, బీమాకి, నష్టపరిహారానికి వాళ్లకి దారి. ఒప్పందం వల్ల పొలం మీద హక్కు మారదని చట్టంలోనే రాశారు. అయినా సంతకం పెట్టేవాళ్లు తక్కువ. "ఒకసారి కాగితం మీదకి ఎక్కితే దిగరమ్మా" అంటారు మా నాన్నగారు. ఆయన రంగా గారికి ఓటేసిన మనిషి.

"పట్టా నా పేరున ఉంది కదా నాన్నా, డిసెంబర్‌లో వచ్చినప్పుడు నేనే పెడతాను" అన్నాను మొన్న ఫోన్‌లో. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మినుములు ఎన్ని కేజీలు పంపమంటావని అడిగారు.