నెత్తురులోని ముందుజాడ

మధుమేహమన్నంతనే ముదిమి, స్థూలకాయము, తీపితిండి మన తలఁపునకు వచ్చును. పిల్లలకు తఱచుగా వచ్చు మధుమేహము అట్టిది కాదు. దేహమును రక్షింపవలసిన బలములే దారి తప్పి, క్లోమమునందు ఇన్సులిను పుట్టించు కణములను చంపును. కంచెయే చేను మేయుట యన్నమాట. తల్లి పెట్టిన మిఠాయికి ఇందు దోషము లేదు. ఈ మాట ముందుగాఁ జెప్పవలసి వచ్చినది. ఏలన, బిడ్డకు జబ్బు చేసిన ఇంట నింద పడునది తల్లియే గదా.

ఈ నాశనము ఒక్కనాఁట జరుగదు. నెలలు, ఒక్కొక్కచో ఏండ్లు పట్టును. అంతకాలమును బిడ్డ ఆడుచుఁ బాడుచునే యుండును. నెత్తురులో మాత్రము ఆ కణములపైఁ బగఁబట్టిన ప్రతిరక్షకములు తిరుగుచుండును. 1974లో లండనునందు బొటాజో, డోనియాక్ మొదలగు వైద్యులు వీనిని బయటపెట్టిరి. మానవ క్లోమమును పలుచని పొరలుగాఁ గోసి, రోగి నెత్తుటి తేటను దానిపైఁ బోసి, మెఱయు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలోఁ జూచుట వారి పద్ధతి. ఒకరి కంటికి వెలుఁగైనది వేఱొకరికి మసకగాఁ దోఁపవచ్చును. తరువాత ఇన్సులిను, గాడ్-65, ఐఏ-2, 2007లో జింకు ట్రాన్స్‌పోర్టరు-8 అను మాంసకృత్తులపైఁ బడు ప్రతిరక్షకములు వేఱువేఱుగాఁ దెలిసినవి. రేడియోధార్మికపు గుర్తుతో వీనిని కొలువ నేర్చిరి.

అయినను జల్లెడ కన్నులు మఱీ సన్నమైన, తౌడుతోఁబాటు మంచిపిండియు నిలిచిపోవును. హానిచేయని బలహీన ప్రతిరక్షకములును రేడియో పరీక్షలోఁ జిక్కుచుండెను. ఆరోగ్యముగా నున్న బిడ్డ తల్లి నిష్కారణముగా నిద్ర మానుట చిన్న కష్టమా? అమెరికాలో కొలరాడోయందలి బార్బరా డేవిస్ కేంద్రమువారు విద్యుత్తుతో వెలుఁగు పుట్టించు పరీక్షను సిద్ధపఱచిరి. ప్రతిరక్షకమునకు రెండు చేతులు కలవు. ఒక చేత పళ్లెమున కంటుకొను తునుకను, రెండవచేత దీపపు గుర్తు గల తునుకను గట్టిగాఁ బట్టినదే ఇందు వెలుఁగును. పట్టు సడలినవి కడుగునప్పుడే పోవును. కొందఱు పిల్లలలో నిది పాతపరీక్షకంటె ముందుగనే జాడ తెలిపినది.

2013లోఁ బ్రకటితమైన పరిశోధనములో, రెండు లేక అంతకు మించిన రకములు కనఁబడిన పిల్లలలో పదేండ్లలో నూటికి 70 మందికి వ్యాధి వచ్చినది. ఒక్కటే కనఁబడినవారిలో సుమారు 15 మందికే. కావున ఒక్క రకము కనఁబడినంత మాత్రమున బెంగ వలదు, మరల పరీక్షింపవలయును.

తెలిసి లాభమేమందురా? టెప్లిజుమాబ్ అను మందు వ్యాధిని మాన్పదు. 2019 నాఁటి పరిశోధనములో సుమారు రెండేండ్లు వెనుకకు నెట్టినది. అమెరికా ప్రభుత్వము 2022లో దీని ననుమతించినది. వెల సామాన్యులకు అందదు. రెండేండ్లేనా యని కొందఱు పెదవి విఱుతురు. సూది లేక గడచు రెండేండ్లు ఎనిమిదేండ్ల పిల్లకు స్వల్పమని నే ననలేను. అదిగాక, ముందెఱిఁగిన తల్లి మోసపోదు. తీఱని దప్పిక, పక్క తడుపుట, చిక్కిపోవుట, పిదప వాంతులు, ఆయాసము – వీనిని దిష్టియనియు, అజీర్ణమనియుఁ దలఁచి రెండుదినములు జాగుచేసినచో ప్రాణము మీఁదికి వచ్చును. జర్మనీలోని బవేరియాలో 2015 నుండి చిన్నబిడ్డలను ఇందుకొఱకే పరీక్షించిరి. ఇటలీ 2023లోఁ జట్టమే చేసినది.

ఇంట నొక బిడ్డకు ఈ వ్యాధి యున్నచోఁ దోఁబుట్టువుల పరీక్షను గూర్చి వైద్యుని నడుగుఁడు. పైఁ జెప్పిన లక్షణములు కనఁబడిన బిడ్డకో, ప్రతిరక్షకముల పరీక్షకై కాచుకొనరాదు. ఆనాఁడే నెత్తుటి చక్కెర చూపింపవలయును.