తీరాన నిలిచినవి



న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ దక్షిణపు కొసన, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున కోనీ ఐలాండ్ అనే చోటు ఉన్నది. నూరేండ్లకు పైగా కష్టజీవులు సెలవునాడు పిల్లాపాపలతో సేదతీరిన స్థలమది. 1920లో సబ్‌వే రైలు అక్కడికి చేరినప్పుడు టిక్కెట్టు 5 సెంట్లే. కూలినాలి చేసుకునేవారు కూడా సముద్రం చూడగలిగారు.

అక్కడి వేడుకల నగరాలు ఎక్కువ కాలం నిలువలేదు. 1904లో తెరచిన డ్రీమ్‌లాండ్ 1911లో కాలి బూడిదైంది. 1944లో లూనా పార్కుకూ అగ్నిప్రమాదమే వచ్చింది. స్టీపుల్‌చేజ్ పార్కు 1964లో మూతపడగా, దాని పెద్ద అద్దాల మంటపాన్ని 1966లో పడగొట్టారు. మిగిలినవైనా పోకూడదని నగరం మేల్కొన్నది. 1927 నాటి సైక్లోన్ రోలర్ కోస్టర్‌ను 1988లోను, 1920 నాటి 150 అడుగుల వండర్ వీల్‌ను, 250 అడుగుల పారాచూట్ జంప్ గోపురాన్ని 1989లోను రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. తీరం వెంబడి ఉన్న చెక్కల నడకదారికి 2018లో ఆ గౌరవం దక్కింది.

అయితే ఆ తీరాన జరిగిన అన్నిటికంటె గొప్ప పనికి గుర్తుగా పాత కట్టడమేదీ మిగలలేదు. 1903 నుండి 1943 వరకు మార్టిన్ కూనీ అనే ఆయన, నెలలు నిండక పుట్టిన పసికందులను గాజు ఇంక్యుబేటర్లలో పెంచుతూ, టిక్కెట్టు పెట్టి జనానికి చూపించేవాడు. ఆ డబ్బే నర్సుల జీతాలకు, పిల్లల పోషణకు ఆధారం. తల్లిదండ్రుల వద్ద చిల్లిగవ్వ తీసుకోలేదు. ఆ రోజుల్లో చాలా ఆసుపత్రులలో ఆ సదుపాయమే లేదు. పసివారిని వేడుకగా చూపడమేమిటని నిందించినవారున్నారు. ఆ నిందలో న్యాయం లేకపోలేదు. కాని బిడ్డ బ్రతకడానికి మరో దారి లేని తల్లి ఏమి చేయగలదు? 1911 నాటి మంటలలోనుండి ఆ పిల్లలందరినీ క్షేమంగా బయటికి తెచ్చారు. ఆసుపత్రులే ఈ పని చేపట్టనారంభించాక ఆయన తన ప్రదర్శన మూసివేశాడు. అప్పటికి వేలాదిమంది బ్రతికి బట్టకట్టారు.

ఇనుప చక్రానికి రంగు వేసి కాపాడుకోవడం మంచిదే. తాత ఎక్కిన చక్రం మనుమడూ ఎక్కుతాడు. అయితే కట్టడం లేని మేలును కాపాడేది నోటిమాట ఒక్కటే. మీ ఇంట, మీ ఊర, శిలాఫలకం లేకుండా మేలు చేసి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? ఈ రాత్రి భోజనాల వద్ద వారి పేరు పిల్లలకు చెప్పండి.