ఆకాశానికి కళ్ళొచ్చాయి



ఒకప్పుడు ఫొటో తీయాలంటే ఫొటోగ్రాఫర్ మన ఎదుట నిలబడేవాడు. ఇష్టం లేకపోతే ముఖం తిప్పుకునేవాళ్ళం. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులో, జాతరలో, నాయకుల సభలో, కాలేజీ ఫంక్షన్లో డ్రోన్ తిరుగుతోంది. అది ఎవరిని తీస్తోందో కింద ఉన్నవాళ్ళకు తెలియదు. డ్రోన్ చెడ్డదని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో చిక్కుకున్న విజయవాడ వాసులకు డ్రోన్లతో కూడా ఆహారం, నీళ్ళు అందించారు. పొలాల్లో మందు కొట్టడానికీ అవి వచ్చాయి. నా ప్రశ్న ఒక్కటే. పైనుంచి చూసే కెమెరాకు హద్దు ఎవరు గీయాలి?

మన దేశంలో డ్రోన్ నియమాలు 2021 ఆగస్టు 25న వచ్చాయి. వాటి ప్రకారం 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్ డ్రోన్. దేశపటాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఎరుపులో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆకుపచ్చలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. నానో డ్రోన్ నడపడానికి పైలట్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. వీడియోలకు వాడే చిన్న డ్రోన్లలో కొన్ని సరిగ్గా 249 గ్రాములే ఉండడం వెనుక ఇలాంటి తూకం లెక్కలే ఉన్నాయి.

ఈ నియమాల దృష్టంతా విమానాల భద్రత మీద, దేశ రక్షణ మీద ఉంది. అది అవసరమే. కానీ ఎంత ఎత్తున ఎగరాలో చెప్పినంత వివరంగా ఎవరి పెరట్లోకి చూడకూడదో అవి చెప్పలేదు. దానికి మనం వేరే చట్టాలు వెతుక్కోవాలి.

అన్నిటికన్నా పెద్ద ఆధారం సుప్రీంకోర్టు తీర్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం. ఇక స్నానం చేస్తున్నప్పుడో, మరుగుదొడ్డిలో ఉన్నప్పుడో స్త్రీని చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు. ఇదే నేరం పాత శిక్షాస్మృతిలో 354సి. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ స్త్రీ పురుష భేదం లేకుండా, అనుమతి లేకుండా ఎవరి రహస్యాంగాలను చిత్రీకరించినా మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది.

చట్టాలు ఉన్నాయి కదా అనుకోవచ్చు. ఇక్కడే మన సంగతి వస్తుంది. ఆరుబయట కుళాయి దగ్గర నిక్కరుతో స్నానం చేసే పిల్లవాడిని పైనుంచి తీస్తే? కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లలను తీసి, ‘పాపం హాస్టల్ పిల్లలు’ అని పాట జోడించి ఊరంతా తిప్పితే? ఆ సెక్షన్లు ఇక్కడ సూటిగా వర్తించవు. కానీ ఆ పిల్లవాడికి పోయేది పరువే. పేదరికం మన తప్పు కాదు, అది ఎవరికీ వినోదం కాకూడదు.

2019 ఆగస్టులో కృష్ణా వరదల సమయంలో ఉండవల్లిలో ప్రతిపక్ష నాయకుడి ఇంటి మీద డ్రోన్ తిరిగిందని రాష్ట్రమంతా గొడవ జరిగింది. 2020 మార్చిలో జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌ను డ్రోన్‌తో తీయించారన్న కేసులో అప్పటి ఎంపీ ఒకరు అరెస్టయ్యారు. వాటిలో తప్పొప్పులు మన విషయం కాదు. మనం గమనించాల్సింది వేరే ఉంది. పెద్దవాళ్ళ ఇళ్ళకు ప్రహరీలు, కాపలా, స్లాబు, లాయర్లు అన్నీ ఉన్నాయి. అయినా డ్రోన్ వస్తే వాళ్ళకు కోపం వచ్చింది. మరి తడికెలే గోడలుగా, ఆకాశమే కప్పుగా స్నానం చేసే మన అమ్మలకు, అక్కలకు కోపం వచ్చే హక్కు లేదా? తడిక పక్కింటి చూపును ఆపుతుంది గానీ పైనుంచి వచ్చే చూపును ఆపలేదు. గోప్యత ఉన్నవాళ్ళ ముచ్చట అని కొందరంటారు. నా అభిప్రాయంలో అది లేనివాళ్ళకే ముందు కావాలి.

అందుకే ఈ పని మన హాస్టళ్ళ నుంచే మొదలుపెడదాం. వార్షికోత్సవానికి డ్రోన్ పెట్టాలంటే వార్డెన్ గారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏ రోజు, ఏ సమయంలో, ఎంత మేర తీస్తారో ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి. స్నానాల గదులు, మరుగుదొడ్లు, బట్టలు ఆరేసే మేడ వైపు కెమెరా తిరగకూడదు. ఆడపిల్లల హాస్టళ్ళలో ఈ నియమం మరీ గట్టిగా ఉండాలి. తీసిన వీడియోను బయట పెట్టే ముందు విద్యార్థుల కమిటీ చూడాలి. ‘నన్ను తీసేయండి’ అని ఎవరైనా అడిగితే కారణం అడగకుండా తీసేయాలి.

ఎవరిదో తెలియని డ్రోన్ వస్తే రాళ్ళు విసరకండి. అది ఎవరి తల మీదైనా పడొచ్చు, కేసు మన మీదికే రావచ్చు. సమయం, వచ్చిన దిక్కు రాసుకోండి. వీలైతే ఫోన్లో వీడియో తీయండి. వార్డెన్ గారికి చెప్పి 112కు ఫోన్ చేయండి.

చివరగా అధికారులకు, దాతలైన పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కొత్త చట్టం ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. కప్పు లేని స్నానాల గది ఏ హాస్టల్లో ఉన్నా దాని మీద నాలుగు రేకులు వేయించడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ ఏడాది వార్షికోత్సవ నిధిలో మొదటి ఖర్చు అదే కావాలని నా కోరిక.

— ఒక పూర్వ విద్యార్థి, పి.జి. ద్వితీయ సంవత్సరం