మేనమామ బండి

దసరాకు బొమ్మల కొలువు తీర్చుట మా యింట వాడుక. గడచిన యేడు మా పండ్రెండేండ్ల కుమారుడు దశావతారముల ప్రక్కను తాను చేసిన యుద్ధశకటము నొకదానిని నిలుపుదునని పట్టుపట్టెను. కారణము లేకపోలేదు. మా యన్నగారు మెదకు ఆయుధ కర్మాగారమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు; పండుగకు తాడిపత్రి వచ్చెదనని తెలిపియుండిరి. ఆ కర్మాగారము 1984లో ఎద్దుమైలారమున నెలకొల్పబడినది. 1987 మొదలు అచట 'సారథ్' అను సాయుధ శకటములు తయారైనవి. 2021లో అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను సంస్థలో చేరినది. (ఆంగ్లలిపిలో ఆ పేరు చూచి మేము మొదట శరత్తని చదివితిమి! శరదృతువు కాదు, రథమునకు సంబంధించిన మాట.) మామ చేసిన బండినే మామకు చూపవలెనని బాలుని ముచ్చట.

పుస్తకము తెప్పించు భారము మాపై బడెను. మా యింటివారు ఉపాధ్యాయులు. నెలకు ఐదువందల రూపాయలకు మించి పుస్తకములకు వెచ్చింపరాదని మా యింట కట్టుబాటు. రెండు నెలల పైకము కూడబెట్టి, లోకములోని ట్యాంకులన్నిటి బొమ్మలు గల లావుపాటి పుస్తకమును కొంటిమి. అట్ట అద్దమువలె మెరయుచుండెను. మేమును ఆ మెరుపునకే మురిసితిమి. సారథ్ అనునది బీఎంపీ జాతి శకటమని బాలుడెచటనో వినియుండెను. ఆ పేరుగల పుట తెరచి, మూడు వారములు అట్టముక్కలు కోసి, అతికి, ఆకుపచ్చ రంగు పూసెను.

మా యన్నగారు వచ్చి దానిని చేత బట్టి చాలసేపు త్రిప్పి చూచిరి. "బాగ చేసినావు గాని అబ్బీ, ఇది మా బండి గాదురా" అనిరి. బాలుడా రాత్రి అన్నము ముట్టలేదు.

విషయమేమనగా, బీఎంపీలలో మొదటిది వేరు, రెండవది వేరు. మొదటిదాని బురుజులో ఒక్కడే కూర్చుండును; ఫిరంగి 73 మిల్లీమీటర్లది, పొట్టిది. రెండవదాని బురుజు వెడల్పైనది, ఇద్దరు పట్టుదురు; ఫిరంగి 30 మిల్లీమీటర్లది, సన్ననిది, పొడవైనది. వెనుక కప్పుపై మొదటిదానికి నాలుగు మూతలు, రెండవదానికి రెండే. సారథ్ రెండవ తెగకు చెందినది. మా పుస్తకములో మొదటిదాని బొమ్మ వేసి, క్రింద ఊరక బీఎంపీ అని మాత్రము వ్రాసియుండిరి. అసలీ రెండును ట్యాంకులే కావట. సైనికులను లోపల కూర్చుండబెట్టుకొని పోవు శకటములట.

తప్పు బాలునిది కాదు, మాది. చిన్ననాట మా తండ్రిగారు కావ్యము చెప్పుటకు ముందు ఇది ఎవరు పరిష్కరించిన ప్రతి, ఎవరి వ్యాఖ్య అని మాచేత చెప్పించిన పిమ్మటగాని పుట తెరవనిచ్చెడివారు కారు. ట్యాంకుల పుస్తకమునకు ఆ ప్రశ్న వేయవలెనని మాకు తోచలేదు. మన బుగ్గ రామలింగేశ్వరాలయ గోపురముల మాట తలపునకు వచ్చినది. వానికి శిఖరములు లేవు; పని నడుమ నిలిచిపోయినది. మరియొక ఊరి గోపురపు పటము చూచి వానికి శిఖరము పెట్టి నమూనా చేసినచో తాడిపత్రి ఆడువారు నవ్వరా?

ఈసారి తొందరపడక వెదకితిమి. స్టీవెన్ జలోగా అనునతడు బీఎంపీలను గూర్చియే వ్రాసిన పలుచని పుస్తకమొకటి 1994లో ఆస్ప్రే వారు ప్రకటించినది కలదు. పుటలు కొద్దియే గాని, ఏ తెగ ఎప్పుడు పుట్టినది, దేనికి దేనికి భేదమేమి అను సంగతి విడదీసి చెప్పును. మాకు కావలసినది అదియే. జేన్స్ వారి బృహద్గ్రంథము కొలతలకు మేలైనదే. అయినను సంసారులు కొనదగినది కాదు, పెద్ద గ్రంథాలయమున చూచి వ్రాసికొనవలసినది. ఇతరులు చేసిన బొమ్మల ఛాయాచిత్రములే నిండిన పుస్తకములను మాత్రము మేము దూరముగ నుంచితిమి. వ్రాయసకాని తప్పును మరియొక వ్రాయసకాడు దిద్దకయే ఎక్కించినట్లు, ఒకరి పొరపాటు మన బొమ్మలో దిగబడును.

పటమును నమ్ముటకు ముందు స్కేలు పెట్టి కొలువవలెను. బండి అసలు పొడవు 6.735 మీటర్లు. పటము డెబ్బదిరెండవ వంతున గీసితిమని చెప్పినచో అది 9.35 సెంటీమీటర్లుండవలెను. మా వాని నమూనా ముప్పదియైదవ వంతు, అనగా 19.24 సెంటీమీటర్లు. కావున జిరాక్సు అంగడిలో నూటికి 206 వంతున పెంచుమని చెప్పితిమి. వచ్చిన కాగితమును నిలువునను అడ్డమునను మరల కొలిచితిమి. యంత్రము ఒక్కొకప్పుడు ఒకవైపే సాగదీయును. ఇంతకును ఈ ముప్పదియైదు ఎచటిదని బాలుడడిగెను. 1961 ప్రాంతమున జపానులోని టమియావారు తమ పాంథర్ ట్యాంకు బొమ్మలో మోటారును బ్యాటరీలను ఇమిడ్చి చూడగా ఆ పరిమాణము కుదిరినదట. లోకమంతయు దానినే పట్టుకొన్నది!

పాత బొమ్మను పారవేయలేదు. క్రింది భాగము చాలవరకు పనికివచ్చినది. కప్పు మార్చి, బురుజు క్రొత్తగా చేసినాడు. వెనుక తలుపులు మాత్రము మిగిలినవి. అవి బోలు తలుపులనియు, లోపల ఇంధనము నింపుదురనియు మేనమామ ఫోనులో చెప్పగా, నిన్న అతికిన పలుచని అట్టలను ఊడదీసి, ఇప్పుడు వానిని లావుగా కోయుచున్నాడు.