పంపు మారింది.. పానా అలవాటు మారాలి!

గుడివాడ మిల్లులో బియ్యం బస్తాలు ఎక్కించుకున్న లారీ బెజవాడలో ఫ్లైఓవర్ ఎక్కుతోంది. డ్రైవరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. పాత లారీ అయితే వెనక స్కూటర్ల వాళ్ల మొహాలు నల్లబడాల్సిందే. కొత్త లారీ అంత పొగ వదలదు. ఎందుకని?

పొయ్యిలో కట్టెలు కుక్కేసి గొట్టంతో ఊదకపోతే వంటిల్లంతా పొగే కదా. ఇంజినూ అంతే. ఆ ఊదుడుగొట్టమే టర్బో. బయటికి పోయే వేడి పొగతో తిరుగుతూ ఇంజిన్లోకి గాలిని నెడుతుంది. కాకపోతే తొక్కగానే గాలి అందదు, కాస్త ఆలస్యమవుతుంది. ఆలోపే డీజిల్ ఎక్కువ పడిందా.. నల్లపొగ!

పాత టర్బో ఇంజిన్లలో చాలావాటికి పంపు మీద ఓ డయాఫ్రమ్ ఉండేది. టర్బో గాలి దాన్ని నొక్కితేనే పంపు ఎక్కువ డీజిల్ వదిలేది. 'పికప్ లేదయ్యా' అని ఓనరు అంటే, జవహర్ ఆటోనగర్‌లో పంపు మెకానిక్కు స్క్రూ తిప్పి సరిచేసేవాడు. ఆయనకు చెవే మీటరు.

తర్వాత కామన్ రైల్ వచ్చింది. 1995లో జపాన్‌లో డెన్సో సంస్థ లారీలకు, 1997లో బాష్ కార్లకు దీన్ని తెచ్చాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ లారీల్లో దాదాపు అన్నిటా ఇదే.

ఇందులో పంపు డీజిల్‌ను ఓ దిట్టమైన ఉక్కు గొట్టంలోకి తోస్తుంది. నాజిళ్లన్నీ అందులోంచే తీసుకుంటాయి. గొట్టంలో ఒత్తిడి ఎంతుందో ఒక సెన్సర్, టర్బో గాలి ఎంత వస్తోందో మరో సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంటాయి. అది లెక్క చూసుకుని వాల్వుతో ఒత్తిడిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగిపోతుంది. లారీ టైరులో గాలి సుమారు 8 బార్. ఈ గొట్టంలో లోడు మీద 1,600 బార్ దాటుతుంది. అంటే 200 రెట్లు!

చిక్కంతా ఇక్కడే. ఏ సిలిండరు కొట్టడం లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులుచేయడం పాత అలవాటు. కామన్ రైల్ దగ్గర ఆ పని చేస్తే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది. లోపల కండ దెబ్బతిని వేలే తీసేయాల్సి రావచ్చు. నొప్పి లేదని ఇంటికి పోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. లీకు వెతకాలంటే ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు, అట్టముక్క అడ్డుపెట్టాలి. నట్టు విప్పాలంటే ఇంజిన్ ఆపి, ఒత్తిడి దిగేదాకా ఆగాలి.

ఇంకో సంగతి. ఈ పంపుకు డీజిలే కందెన. అందులో నీళ్లు చేరినా, కిరసనాయిలు కలిసినా, నాసి ఫిల్టరు వేసినా పంపూ నాజిళ్లూ అరిగిపోతాయి. ఫిల్టరు దగ్గర మిగిలిన వందలు రిపేరులో వేలై పోతాయి.

ఇప్పుడు షెడ్లలో పానాల పక్కనే స్కానర్ కూడా ఉండాల్సిందే. బండి రిపేరుకు ఇచ్చినప్పుడు ఓనరు కూడా 'ఇంజిన్ ఆపావా తమ్ముడూ?' అని ఒక్కమాట అడిగితే.. ఓ కుర్రాడి చెయ్యి మిగులుతుంది.