రెండు డిస్కులున్నాయిగా, ఇంకేం భయం!

పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియోకెళ్ళి ‘మావి భద్రమేనా అండీ?’ అని అడిగి చూడండి. నాలుగు డబ్బులు ఖర్చుపెట్టినాయనైతే గర్వంగా ఓ పెట్టె చూపిస్తాడు. ‘ఇందులో రెండు డిస్కులున్నాయండీ. ఏది ఎక్కించినా రెండింట్లోనూ పడుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది’ అంటాడు. నిజమే. దాన్నే మిర్రరింగ్ అంటారు, రెయిడ్ వన్ అని కూడా అంటారు. 1988లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ ముగ్గురూ రాసిన పేపర్‌తో ఈ రెయిడ్ అన్న పేరు పాకింది. ఖరీదైన పెద్ద డిస్కు కొనే బదులు చవకవి కొన్ని కలిపి వాడుకుందాం, అందులో ఒకటి చచ్చినా పని ఆగకూడదు. ఇదీ వాళ్ళ ఆలోచన. పని ఆగకూడదన్నారు గానీ మన చేతి తప్పుల్నుంచి కాపాడతామని ఎక్కడా మాటివ్వలేదు సుమండీ.

స్టూడియో కుర్రాడు నిద్రమత్తులో ‘రిసెప్షన్’ ఫోల్డర్ డిలీట్ కొట్టాడనుకోండి. రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది. కార్బన్ పేపరు పెట్టి రసీదు రాసినట్టే, పైన కొట్టేస్తే కింద కూడా కొట్టేసినట్టే. వైరస్ వచ్చి ఫైళ్ళకి తాళం వేసినా అంతే. 2017 మేలో వానాక్రై అని ఒకటొచ్చింది గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని దానికి చిక్కాయి. అలాంటిది వస్తే మిర్రరింగ్ ఏం చేస్తుంది, తాళం వేసిన ఫైళ్ళని రెండు కాపీలు దాచిపెడుతుంది! పైగా రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే ప్లగ్గు మీద. దొంగ వస్తే విడదీసి ఒకటి మనకి వదిలిపెట్టడుగా.

జర్నల్‌స్పేస్ అని ఒక సైటుండేది, జనం అందులో డైరీల్లా రాసుకునేవాళ్ళు. వాళ్ళకి మిర్రరింగే దిక్కు, వేరే బ్యాకప్ లేదు. 2008 చివర్లో డేటాబేసు మీద వేరే డేటా ఏదో రాసేసినట్టయి మొత్తం చెరిగిపోయింది. రికవరీ వాళ్ళకి పంపినా లాభం లేక దుకాణం మూసేశారు.

మరి బ్యాకప్ అంటే? నిన్నటిది నిన్నటిలాగే ఉండాలి, ఇవాళ నేనేం పాడుచేసినా దానికి తెలియకూడదు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, కాపీ కాగానే వైరు పీకేసి ఇంట్లో బీరువాలో పెట్టుకున్నా సగం గండం గడిచినట్టే. పీకడం ముఖ్యం! ‘గూగుల్ డ్రైవ్ ఉందిగా’ అంటారా? సింక్ పెట్టిన ఫోల్డర్లో ఫైలు కొట్టేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆలోగా చూసుకుంటే సరి.

బ్యాకప్ ఉందని నిశ్చింతగా పడుకోడానికీ లేదు, అప్పుడప్పుడు వెనక్కి తెచ్చి చూడాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సైటులో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసే చెరిపేశాడు. తీరా చూస్తే రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు అసలు తయారే కావడం లేదు, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళు కూడా వాళ్ళకి చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఎవరో తీసిన కాపీ ఒకటి దొరికింది కాబట్టి బతికిపోయారు.