రెడ్ అలర్ట్ ఫోన్లకొచ్చింది సరే.. పని ఎవరు ఆపాలె?

ఎండకాలం రాంగనే ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని అలర్టులు మొదలైతయి. మైదాన ప్రాంతంల టెంపరేచర్ 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్న నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు కింద లెక్క. 45 అయితే మామూలెంత అని చూసుడే లేదు, నేరుగ వడగాడ్పే. సముద్రం ఒడ్డున 37 డిగ్రీల నుంచే ఈ లెక్క చూస్తరు. అక్కడ గాలిల తేమ ఎక్కువ, చెమట ఆరది, ఒళ్లు సల్లబడది.

సముద్రం సంగతి చెప్పే ఆఫీసు కూడా మన హైదరాబాద్‌లనే ఉన్నది. దాని పేరు ఇన్‌కాయిస్. 2024 మార్చి 31న కేరళ తీరంల వాన లేదు, తుఫాను లేదు, అయినా అలలు ఇండ్లల్లకు వచ్చినయి. దీన్ని అక్కడోళ్లు ‘కల్లక్కడల్’ అంటరు. దొంగ లెక్క వచ్చే సముద్రం అని అర్థం. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంల గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు నడిచొస్తయి. అదే టైంకు పోటు తోడైతే నీళ్లు ఊర్లెకు వస్తయి. కంటికి కనపడని ఆపదను ముందే పసిగడుతున్నరంటే సైన్స్ తన పని తాను చేస్తున్నట్టే.

మరి అలర్ట్ వచ్చినంక ఏమైతున్నది? అసలు తేడా ఇక్కడున్నది.

1999ల ఒడిశా సూపర్ సైక్లోన్‌కు పది వేల మంది దాకా పానాలు పోయినయి. 2013ల ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తీస్కపోయిన్రు, సావులు పదుల్లనే ఆగినయి. ఎందుకు? తుఫాను అలర్ట్ అంటే సర్కారుకు ఆర్డర్ లెక్క. కలెక్టర్ కదలాలె, బస్సులు పెట్టాలె, పడవలు ఆపాలె. ఎండ అలర్ట్ మాత్రం జనానికి చెప్పే సుద్దులు. ‘పగటి పూట బయటికి పోకున్రి, నీళ్లు తాగున్రి’ అంటరు. స్లాబ్ పోసే కూలీ, కొలతల లెక్కన కైకిలి వచ్చే ఉపాధి పనోళ్లు, బండి మీద అన్నం పార్శిళ్లు మోసే పిలగాడు ఎట్ల పోకుంటరు? పోకుంటే ఆ రోజు పైసలు రావు.

2015 వడగాడ్పులకు దేశంల రెండు వేల మందికి పైగ చనిపోయిన్రు. ఎక్కువ మంది రెండు తెలుగు రాష్ట్రాలోళ్లే. 2025 ఏప్రిల్‌ల తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగ ప్రకటించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తమన్నది. మంచి పనే. కానీ అది పానం పోయినంక ఇచ్చే పైసలు. పగలంత ఎండల పని చేసి, రాత్రి ఇంట్ల కన్నుమూసిన మనిషిది వడదెబ్బ సావేనని ఇంటోళ్లు ఎట్ల రుజువు చేసుకుంటరు?

ఇంకో ముచ్చట. మన కరీంనగర్, నిజామాబాద్ పిలగాళ్లు దుబాయ్‌ల పని చేస్తరు కదా. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని చేయించొద్దని రూల్ ఉన్నది. తప్పితే కంపెనీకి జరిమానా. ఎంత గట్టిగ అమలైతదన్నది వేరే మాట, అడిగెటందుకు ఒక రూల్ అయితే ఉన్నది. అదే పిలగాడు సొంతూర్ల తాపీ పని చేస్తే అడిగే దిక్కు లేదు.

‘పని ఆపితే కూలి ఎవరిస్తరు’ అంటరా? చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంల ఏటా 61 రోజులు వేట బంద్ పెడుతున్నరు. దానికి 2025ల ఆంధ్ర సర్కారు ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20 వేలు ఇచ్చింది. చేపల కోసం పని ఆపి పైసలియ్యవచ్చన్నప్పుడు మనుషుల కోసం ఎందుకు ఇయ్యరాదు? సముద్రం పొంగుతదని వేటకు పోవద్దన్న రోజులకు కూడ ఇదే లెక్క వర్తించాలె.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని బంద్ అని కలెక్టర్ ఆర్డర్ ఇయ్యాలె. పొద్దుగాల, సాయంత్రం చేసిన పనికి పూర్తి కూలి కట్టాలె. కాంట్రాక్టర్ మాట వినకుంటే కేసు పెట్టాలె. అలర్ట్ కూలీ ఫోన్‌కు పోతే సరిపోదు, పని చేయించేటోని మెడకు సుట్టుకోవాలె.